లక్షల్లో తయారైన స్పోర్ట్స్ కారు పెట్టుబడికి పనికొస్తుందా?

1978లో అమెరికాలోని షెవర్లే కంపెనీ తన స్పోర్ట్స్ కారు కార్వెట్‌కు పాతికేళ్లు నిండిన సందర్భంగా ఒక ప్రత్యేక మోడల్‌ను అమ్మకానికి పెట్టింది. ఆ ఏడాది ఇండియానాపొలిస్ 500 రేసులో మిగతా కార్లన్నిటికీ ముందు నడిచే పేస్ కారుగా కార్వెట్ ఎంపికైంది. దానికి నకలుగా పైభాగం నలుపు, కిందిభాగం వెండి రంగు, మధ్యలో సన్నని ఎర్ర గీతతో ఈ కార్లు వచ్చాయి. మొదట కొద్ది సంఖ్యలోనే చేయాలనుకున్నారు. కానీ ప్రతి డీలర్‌కూ కనీసం ఒకటి అందాలన్న లెక్క ముందుకొచ్చేసరికి అవి 6,502 అయ్యాయి. ఆ ఏడాది తయారైన మొత్తం కార్వెట్లు 46,776. అంటే దాదాపు ప్రతి ఏడింటిలో ఒకటి "అరుదైన" కారే.

కంపెనీ పెట్టిన ధర 13,653 డాలర్లు. మామూలు కార్వెట్ ధర అప్పట్లో 9,352 డాలర్ల దగ్గర మొదలయ్యేది. ముందుముందు విలువ ఆకాశాన్ని అంటుతుందన్న ప్రచారం జోరుగా సాగడంతో జనం ఎగబడ్డారు. డీలర్లు అడిగినంత ఇచ్చి, రెట్టింపు ధరకు కొన్నవాళ్లు కూడా ఉన్నారు. పేస్ కారు అక్షరాల స్టిక్కర్లను కంపెనీ అతికించకుండా కారుతో పాటు విడిగా ఇచ్చేది. చాలామంది ఆ ప్యాకెట్ విప్పలేదు, సీట్ల మీది ప్లాస్టిక్ తీయలేదు, బండిని గరాజ్‌లో పెట్టి తలుపు వేసేశారు.

ఇప్పుడు లెక్క చూద్దాం. అమెరికా ద్రవ్యోల్బణం ప్రకారం 1978 నాటి 13,653 డాలర్లు 2024లో సుమారు 65 వేల డాలర్లకు సమానం. కొన్ననాటి విలువ నిలబడాలంటేనే ఇవాళ ఈ కారు 65 వేలు పలకాలి. దాచిపెట్టిన పేస్ కార్లలో చాలావాటికి ఆ దరిదాపుల్లో కూడా ధర రాదు. అదే డబ్బు అమెరికాలోని ఐదు వందల పెద్ద కంపెనీల షేర్లను లెక్కించే ఎస్ అండ్ పి 500 సూచీలో ఉండి ఉంటే? 1978లో ఆ సూచీ వందకు కాస్త దిగువన ఉంది, 2024 చివరికి 5,880 దాటింది. డివిడెండ్ల మాట పక్కన పెట్టినా ఆ సొమ్ము ఎనిమిది లక్షల డాలర్ల పైన ఉండేది.

ఇది ఏదో దురదృష్టం కొద్దీ జరిగింది కాదు. పెద్ద సంఖ్యలో తయారయ్యే స్పోర్ట్స్ కార్లను పెట్టుబడిగా కొనాలన్న ఆలోచనలోని అసలు లోపం ఈ ఒక్క ఉదాహరణలో మొత్తం కనబడుతుంది. తరువాత దొరకవని అందరూ ఒకేసారి దాచిపెడితే, ఆ వస్తువు తరువాత అందరి దగ్గరా దొరుకుతుంది. అరుదుతనం ఫ్యాక్టరీలో ఎన్ని చేశారన్న దాని మీద కంటే, ఎన్ని మిగిలాయన్న దాని మీద ఎక్కువగా ఆధారపడుతుంది.

దీనికి సరిగ్గా ఎదురుగా నిలిచే కారు డాట్సన్ 240జెడ్. 1969 చివర్లో వచ్చిన ఈ జపాన్ కారు ధర అమెరికాలో 3,526 డాలర్లు. 260జెడ్, 280జెడ్‌లతో కలిపి ఆ తరం కార్లు ఐదు లక్షలకు పైగా తయారయ్యాయి. దాన్ని దాచాలన్న ఆలోచన అప్పట్లో ఎవరికీ రాలేదు. అది రోజూ తోలుకునే బండి. ఆఫీసుకు వెళ్లారు, మంచులో నడిపారు, మంచు కరగడానికి రోడ్ల మీద చల్లే ఉప్పులో నానబెట్టారు. పలచటి రేకు కావడంతో బ్యాటరీ పళ్లెం కింద, కాళ్ల కింద ఫ్లోర్, వెనక చక్రాల ముందు మూలలు తుప్పు పట్టి పోయాయి. ఎనభైలలో అదొక చవక సెకండ్‌హ్యాండ్ కారు. ఇంజిన్ మార్చి రేసులకు వాడారు, గుద్దేశారు, స్క్రాప్‌కు వేశారు. అలా లక్షల్లో పుట్టినవి వేలల్లోకి, ఎవరూ చెయ్యి పెట్టని అసలు స్థితిలో ఉన్నవైతే వేళ్ల మీద లెక్కపెట్టే స్థాయికి వచ్చాయి. 2020 జనవరిలో 21 వేల మైళ్లే తిరిగిన 1971 మోడల్ 240జెడ్ ఒకటి బ్రింగ్ ఎ ట్రెయిలర్ ఆన్‌లైన్ వేలంలో 3,10,000 డాలర్లకు అమ్ముడుపోయింది.

ఈ అంకె చూడగానే గుండె ఝల్లుమంటుంది. మూడున్నర వేల కారు మూడు లక్షలు దాటింది కదా! కానీ కాస్త ఆగి లెక్కేస్తే, 49 ఏళ్లలో ఇది సుమారు 88 రెట్లు, అంటే చక్రవడ్డీ లెక్కన ఏడాదికి తొమ్మిదిన్నర శాతం చిల్లర. అదే కాలంలో డివిడెండ్లను తిరిగి పెట్టుబడిగా పెడుతూ పోయిన ఎస్ అండ్ పి 500 సొమ్ము వంద రెట్లు దాటింది. లక్షల్లో ఒక్క కారు సాధించిన అసాధారణ ధర కూడా ఏ శ్రమా లేని ఇండెక్స్ పెట్టుబడిని దాటలేకపోయింది. పైగా ఇందులో యాభై ఏళ్ల ఇన్సూరెన్స్, గరాజ్ స్థలం, మరమ్మతుల ఖర్చు ఇంకా కలపలేదు. శుభ్రంగా ఉండి, నాలుగు చేతులు మారిన సాధారణ 240జెడ్‌లకు ఆ ధరలో ఐదో వంతు వస్తే గొప్ప.

కలెక్టర్ కార్ల గురించి వార్తలు రాసేవాళ్లు ఎప్పుడూ ఆ ఒక్క కారు గురించే రాస్తారు. 2020 జనవరిలోనే ఒక ప్రసిద్ధ సినిమా ఛేజింగ్ సన్నివేశంలో వాడిన 1968 ఫోర్డ్ మస్టాంగ్ వేలంలో 37 లక్షల డాలర్ల పైన పలికింది. మస్టాంగ్ 1964 ఏప్రిల్ 17న మార్కెట్లోకి వచ్చింది. తొలి పది లక్షల కార్లు రెండేళ్లలోపే తయారయ్యాయి. సినిమాలో నడిచిన ఆ కారు ధర ఆ కారు కథకు కట్టిన ధర మాత్రమే. దాన్ని చూపించి అదే ఏడాదిలో తయారైన మిగతా మస్టాంగ్‌ల విలువ పెరిగిందని చెప్పడం చెట్టు పేరు చెప్పి కాయలు అమ్ముకోవడమే.

అలాగని లక్షల్లో తయారైన మోడళ్లలో నిజంగా అరుదైనవి ఉండవని కాదు. 1969లో షెవర్లే కమారోలు రెండు లక్షల నలభై వేలకు పైగా తయారైతే, అందులో జెడ్ఎల్1 అనే 427 ఘనపుటంగుళాల అల్యూమినియం ఇంజిన్ ఉన్నవి 69 మాత్రమే. ఆ ఇంజిన్‌తో కారు ధర 7,200 డాలర్లకు చేరేది, రెండు మామూలు కమారోల ధర కంటే ఎక్కువ. అందుకే ఆర్డరు పెట్టించుకున్న డీలరే అమ్మలేక తల పట్టుకున్నాడు. 1970 ప్లిమత్ సూపర్‌బర్డ్‌ది ఇంకా విచిత్రమైన కథ. అమెరికాలోని నాస్కార్ రేసుల్లో దిగాలంటే అలాంటి కార్లను జనానికీ అమ్మాలన్న నిబంధన కోసం పొడుగాటి ముక్కు, ఆకాశంలోకి లేచిన వెనక రెక్కతో సుమారు 1,900 కార్లు చేశారు. ఆ ఆకారం చూసి కొనడానికి జనం వెనకాడారు. షోరూముల్లో ఏళ్ల తరబడి పడి ఉన్నవాటికి కొందరు డీలర్లు ముక్కు, రెక్క పీకేసి మామూలు కార్లుగా మార్చి అమ్ముకున్నారు. అవే ఇవాళ లక్ష డాలర్లకు పైనే పలుకుతున్నాయి.

ఈ రెండు కార్లలో గమనించాల్సిన సంగతి ఒకటుంది. ఇవి అరుదైనవి కావాలని ఎవరూ పథకం వేయలేదు. రేసు కోసం చేశారు, జనానికి నచ్చలేదు, అందుకే కొద్దిగా మిగిలాయి. పోర్షే 911 కరెరా ఆర్ఎస్ 2.7 కూడా రేసు నిబంధన పుణ్యమే: 1973 మోడల్‌కు 500 చేస్తే చాలనుకున్నారు, గిరాకీ బాగుండి 1,580 అయ్యాయి. ఇప్పటి లిమిటెడ్ ఎడిషన్లు అలా కావు. వాటి అరుదుతనాన్ని మార్కెటింగ్ విభాగం ముందే లెక్కేసి, వరుస నంబరు ఉన్న పలక బిగించి, ధరలో కలిపేసి అమ్ముతుంది. రేపు రావాల్సిన లాభంలో సగం ఇవాళే కంపెనీ, డీలరు పంచుకుంటున్నారన్నమాట.

పైగా కంపెనీ ఇచ్చిన మాటకు కాలపరిమితి ఉంటుంది. 2016లో పోర్షే 911 ఆర్ అని 991 కార్లు చేసింది. నాలుగు లీటర్ల ఇంజిన్, మాన్యువల్ గేరు, వెనక పెద్ద రెక్క లేదు. కంపెనీ ధర లక్షా ఎనభై అయిదు వేల డాలర్ల దగ్గర ఉంటే, కొన్న కొద్ది నెలలకే పది లక్షలు అడిగినవాళ్లు కనిపించారు. 2017లో పోర్షే అదే గుణాలున్న కారును జీటీ3 టూరింగ్ పేరుతో, సంఖ్యకు పరిమితి లేకుండా తెచ్చింది. 911 ఆర్ ధరల గాలి వెంటనే దిగింది. అవి ఇప్పటికీ కంపెనీ ధర కంటే పైనే ఉన్నాయి కానీ, ఆ వేడిలో కొన్నవాడికి అది ఓదార్పు కాదు. క్యాడిలాక్ కూడా 1976 ఎల్డొరాడోను అమెరికా చివరి కన్వర్టిబుల్ (పైకప్పు తెరుచుకునే కారు) అని ఊదరగొట్టి అమ్మింది. 1984లో కొత్త ఎల్డొరాడో కన్వర్టిబుల్‌ను మళ్లీ తెచ్చింది. "ఇదే ఆఖరిది" అన్న మాటను నమ్మి కారు కొనేవాళ్లు ఈ రెండు సంఘటనలనూ గుర్తు పెట్టుకోవడం మంచిది. ఇప్పుడు "చివరి పెట్రోలు స్పోర్ట్స్ కారు" అని అదే పాట వినిపిస్తోంది.

ధరలను నడిపించే మరో శక్తి వయసు. పదిహేనేళ్ల వయసులో గోడ మీద పోస్టరుగా అంటించుకున్న కారును మనిషి నలభై అయిదేళ్లకు, చేతిలో కాస్త డబ్బు ఆడాక కొంటాడు. అందుకే కార్ల ధరలు తరాలను బట్టి అలల్లా కదులుతాయి. పెద్ద ఇంజిన్లున్న అమెరికన్ మజిల్ కార్లు 2000ల మధ్యలో ఒక శిఖరాన్ని చూసి, 2008 సంక్షోభం తరువాత జారాయి. తరువాతి వంతు జపాన్ కార్లది. టయోటా సుప్రా నాలుగో తరం కారు షోరూములో ఉన్న రోజుల్లో అమెరికాలో సరిగ్గా అమ్ముడుపోక, 1998తో అక్కడ ఆగిపోయింది. ఇప్పుడు తక్కువ తిరిగిన టర్బో మోడల్‌కు లక్ష డాలర్ల పైన ఇచ్చేవాళ్లు ఉన్నారు. నిస్సాన్ స్కైలైన్ జీటీ-ఆర్‌కు చట్టం కూడా తోడైంది. అమెరికా భద్రతా ప్రమాణాల ప్రకారం చేయని కార్లను పాతికేళ్లు దాటాకే అక్కడికి స్వేచ్ఛగా దిగుమతి చేసుకోవచ్చు. 1989లో వచ్చిన ఆర్32 తరానికి 2014లో, 1999లో వచ్చిన ఆర్34 తరానికి 2024లో ఆ గడువు తీరింది. ఒక్క తేదీతో ప్రపంచంలోని అతి పెద్ద కార్ల మార్కెట్లలో ఒకదాని తలుపులు తెరుచుకుంటాయి. అయితే ఆ తేదీ పాతికేళ్ల ముందు నుంచీ అందరికీ తెలిసిందే. అందువల్ల గడువుకు చాలా ముందే కొనేసినవాళ్లకు లాభం, గడువు వచ్చాక పరిగెత్తినవాళ్లకు పెరిగిన ధర దక్కాయి.

అల వచ్చినట్టే పోతుంది కూడా. ఆ తరం వయసు మళ్లి కార్లు అమ్మడం మొదలుపెట్టినప్పుడు తరువాతి తరానికి ఆ కారు మీద అదే మమకారం ఉండాలని లేదు. 1962 నుంచి 1980 దాకా ఐదు లక్షలకు పైగా తయారైన బ్రిటిష్ ఎంజీబీని ఎంతోమంది ప్రాణంగా ప్రేమించారు, ఇప్పటికీ ప్రేమిస్తున్నారు. అయినా అది చవక కారుగానే ఉండిపోయింది. దాని బాడీషెల్‌ను 1988 నుంచి పాత అచ్చులతోనే మళ్లీ కొత్తగా చేస్తున్నారు, నట్టు బోల్టుతో సహా అన్నీ దొరుకుతాయి. నడుపుకునేవాడికి ఇంతకంటే వరం లేదు. పెట్టుబడిదారుడికి మాత్రం, ఎన్నటికీ చావని కారు ఎన్నటికీ అరుదు కాదు.

ఇక దాచడమనే పని విషయానికి వద్దాం. కారును కదపకుండా ఉంచితే కొత్తగా ఉంటుందనేది పెద్ద భ్రమ. బ్రేక్ ఫ్లూయిడ్ గాలిలో తేమను పీల్చుకుని లోపలి నుంచి కాలిపర్లను, సిలిండర్లను తుప్పు పట్టిస్తుంది. ట్యాంకులోని పెట్రోలు నెలల్లోనే చెడి, ఏడాది రెండేళ్లకు జిగురై ఇంజెక్టర్లను మూసేస్తుంది. ఆయిల్ తగలని రబ్బరు సీళ్లు ఎండి కుంచించుకుపోతాయి. ఇరవై ఏళ్ల తరువాత ఇంజిన్ స్టార్ట్ చేసిన రోజున నాలుగు చోట్ల నూనె కారడం మొదలవుతుంది. ఒకే చోట నిలబడిన టైరు అడుగున చదునై, ట్రెడ్ నిండుగా కనిపిస్తూనే పదేళ్లకు పనికిరాకుండా పోతుంది. టైమింగ్ బెల్టుకు మైళ్లతో పాటు ఏళ్ల లెక్క కూడా ఉంటుంది. ఎలుకలకు వైరింగ్ పైతొడుగు అంటే మహా ఇష్టం. తొంభైల నాటి కొన్ని కార్ల ఇంజిన్ కంప్యూటర్లలో కెపాసిటర్లు వాటంతటవే కారి సర్క్యూట్ బోర్డును తినేస్తాయి. కారు పాడు కాకుండా ఉండాలంటే అప్పుడప్పుడు వేడెక్కేదాకా నడపాలి. నడిపితే ఒడోమీటర్ తిరుగుతుంది, విలువ తగ్గుతుంది. మైళ్లు తక్కువ ఉన్న కారును పెట్టుబడిగా పెట్టుకున్నవాడు ఈ పీటముడి నుంచి బయటపడలేడు.

ఖర్చు ఎంత ఉంటుందో ఒక చిన్న ఊహా లెక్క చాలు. నలభై వేల డాలర్ల కారుకు ఇన్సూరెన్స్, స్థలం, ఫ్లూయిడ్లు, బ్యాటరీ, టైర్లు అన్నీ కలిపి ఏడాదికి మూడు శాతం, అంటే 1,200 డాలర్లు అనుకుందాం. ఇరవై ఏళ్లకు 24 వేలు. షేరు డివిడెండ్ ఇస్తుంది, ఇల్లు అద్దె ఇస్తుంది. కారు మాత్రం తీసుకోవడమే తప్ప ఇవ్వడం ఉండదు. కారు ధర 64 వేలకు చేరినప్పుడు అసలు చేతికి వచ్చినట్టు, అదీ ద్రవ్యోల్బణాన్ని మరిచిపోతే. అమ్మేటప్పుడు మళ్లీ కోత ఉంటుంది. పెద్ద వేలం సంస్థల్లో కొనేవాడి దగ్గర పాట ముగిసిన ధర మీద సుమారు పది శాతం ఫీజు తీసుకుంటారు, అమ్మేవాడి దగ్గర కమిషన్ వేరు. వార్తల్లో కనిపించే అంకెలో చాలాసార్లు ఆ ఫీజు కలిసే ఉంటుంది. అమ్మినవాడి జేబులోకి అంత రాదు.

పన్నులు దేశాన్ని బట్టి మారతాయి. బ్రిటన్‌లో ప్రయాణికుల కార్ల మీద వచ్చిన లాభానికి మూలధన లాభాల పన్ను లేదు. అక్కడివాళ్లకు ఇది నిజంగానే పనికొచ్చే వెసులుబాటు.

ఇంతా చెప్పాక మాజ్దా ఎంఎక్స్-5 మియాటా గురించి మాట్లాడకపోతే విషయం సగంలో ఆగినట్టే. 1989 ఫిబ్రవరిలో షికాగో ఆటో షోలో కనిపించిన ఈ చిన్న రెండు సీట్ల కారు మొదటి తరంలోనే నాలుగు లక్షలు దాటింది. 2016లో పది లక్షలవ కారు బయటికొచ్చింది. ప్రపంచంలో అత్యధికంగా అమ్ముడుపోయిన రెండు సీట్ల స్పోర్ట్స్ కారు ఇదే. తొలినాటి ధర అమెరికాలో 13,800 డాలర్లు, 2024 లెక్కల్లో 35 వేలకు దగ్గర. ఇవాళ చక్కగా నడిచే మొదటి తరం మియాటా అంతకంటే చాలా తక్కువకే వస్తుంది. పెట్టుబడిగా చూస్తే ఓటమే. కానీ పదిహేనేళ్ల వయసున్న మియాటాను సెకండ్‌హ్యాండ్‌లో కొని, పదేళ్లు వారాంతాల్లో నడుపుకుని, దాదాపు కొన్న ధరకే అమ్మినవాళ్లు చాలామంది ఉంటారు. కొత్త కారు విలువ మొదటి కొన్నేళ్లలోనే సగానికి పడిపోయే చోట, పడాల్సినంతా పడి అట్టడుగున నిలిచిన కారును పట్టుకోవడం అన్నిటికంటే తెలివైన పని. లాభం అంటే ఇక్కడ నష్టపోకుండా పదేళ్లు నడపగలగడం.

ఆ అట్టడుగును గుర్తుపట్టడానికి మార్కెట్ జోస్యాల కంటే కారు ముందు మోకాళ్ల మీద కూర్చుని చూడటం ఎక్కువ పనిచేస్తుంది. పెయింటు మందం కొలిచే మీటరు పెడితే ఏ ప్యానెల్ మళ్లీ రంగు వేసిందో తెలిసిపోతుంది. అద్దాల మూలల్లో ముద్రించిన తయారీ తేదీలు కారు తేదీతో కలవాలి. ఒక్క అద్దం తేడాగా ఉంటే అటువైపు ఎప్పుడో దెబ్బ తగిలి ఉండొచ్చు. ఛాసిస్ నంబరు, ఇంజిన్ నంబరు, కొన్నప్పటి బిల్లు, సర్వీసు పుస్తకం, టూల్‌కిట్, రెండో తాళం చెవి ఉన్న కారుకూ లేని కారుకూ మధ్య తేడా, అమ్మే రోజున వేల డాలర్లలో బయటపడుతుంది. ఇతరులు మార్పులు చేసి పాడుచేసిన మోడల్‌లో ముట్టుకోని కారు దొరికితే దానికి విలువ ఎక్కువ. రేసుల కుర్రాళ్ల చేతుల్లో నలిగిపోయిన జపాన్ కార్లలో ఫ్యాక్టరీ నుంచి వచ్చిన సైలెన్సరుతో, అసలు చక్రాలతో ఉన్నవాటికి అంత గిరాకీ ఉండటానికి ఇదే కారణం.

విడిభాగాల సంగతి ఈ మధ్య కొత్త మలుపు తిరిగింది. నిస్సాన్ 2017 నుంచి ఆర్32 జీటీ-ఆర్‌కు, టయోటా 2020 నుంచి పాత సుప్రాలకు ఆగిపోయిన విడిభాగాలను మళ్లీ తయారు చేస్తున్నాయి. మాజ్దా జపాన్‌లో మొదటి తరం మియాటాలను తానే విప్పి మళ్లీ కొత్తగా చేసి ఇచ్చే సేవ మొదలుపెట్టింది. దీనివల్ల నడపగలిగే కార్ల సంఖ్య పెరుగుతుంది. ప్లాస్టిక్ తీయకుండా దాచిన కారుకు ఇది పోటీ. రోజూ నడుపుతున్న కారుకు ఆయుష్షు. ఎంజీబీ దారిలో ఇవి ఎంత దూరం వెళతాయన్నది ఎలక్ట్రానిక్స్ మీద ఆధారపడి ఉంటుంది. రేకునూ రబ్బరునూ మళ్లీ చేయొచ్చు. ఈ పదేళ్లలో వచ్చిన స్పోర్ట్స్ కార్లలో ఉన్న డజన్ల కొద్దీ కంప్యూటర్లు, టచ్ స్క్రీన్లు, కంపెనీ సర్వర్‌తో మాట్లాడితే తప్ప పనిచేయని సాఫ్ట్‌వేర్ అలా కాదు. వాటిని ముప్పై ఏళ్ల తరువాత ఎవరు బాగుచేస్తారో చెప్పలేని కారును, ముప్పై ఏళ్ల తరువాతి ధర ఊహించుకుని కొనడం సాహసమే.